లోపలి జేబు

ఫోన్ ఇంకో గంటలోపు మోగుతుంది. మోగితే ఒక్క మాట చెప్పాలి. లేదండి. అంతే. పొద్దున ఉప్పలగుప్తంలో ఆటో ఎక్కినప్పటి నుంచీ వీరవేణి ఆ మాటను నాలుక కింద దాచుకుని వస్తోంది. అమలాపురంలో దిగినప్పుడూ అది అక్కడే ఉంది, ముక్తేశ్వరం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడూ అక్కడే ఉంది, ఇప్పుడు రేవులో రేకుల షెడ్డు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాక మాత్రం కొంచెం ఉబ్బినట్టు, మింగుడు పడనట్టు అనిపిస్తోంది. ఎదురుగా గోదారి ఎర్రగా వస్తోంది. జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు అవతల కోటిపల్లి ఒడ్డున ఆగిపోయింది, గాలి తగ్గితే కానీ వదలరట. ఇవతల వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ళ హ్యాండిళ్ళకి కట్టిన తువ్వాళ్ళు ఎగురుతున్నాయి. ఆ గాలికి ఇసుక లేస్తోంది. ఇసుక లేస్తే ఏమవుతుందో వీరవేణికి తెలుసు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అయినా ఛాతీలో, బాగా లోపల, ఎవరో చిన్న దారం పట్టుకుని మెల్లగా లాగుతున్నట్టు మొదలైంది.

"లేదండి అంటే చాలమ్మాయ్," అన్నాడు పక్కన కూర్చున్న మాణిక్యాలరావు మళ్ళీ. "వాళ్ళేం ఊళ్ళోకొచ్చి చూస్తారా ఏంటి. సుగరుందా, లేదండి. బీపీ ఉందా, లేదండి. ఆయాసం ఉందా..."

"లేదండి," అంది అత్తగారు పైడమ్మ, తమలపాకు ఈనె తీస్తూ. "నాకు కంఠతా వచ్చేసింది బాబూ. ఆ ఫోనేదో నాకిచ్చేయండి, నేనే చెప్పేస్తాను."

మాణిక్యాలరావు చుట్టం కాదు, కానీ ఊళ్ళో గల్ఫు వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఆయన బాబాయే. సెలవు అయిపోయి వీరవేణికి ఎల్లుండి మస్కట్ తిరుగు విమానం. ఈలోగా ద్రాక్షారామంలో తన అక్క వరహాలమ్మని చూసి రావాలని అత్తాకోడళ్ళు బయల్దేరితే, ఫోను ఇవాళే వస్తుంది, ఆ టైముకి నేను పక్కనుండాలి అని ఆయన కూడా వెంటబడి బస్సెక్కేశాడు. ఆయన కట్టిస్తున్నది విదేశంలో పనిచేసేవాళ్ళకి ఆరోగ్య బీమా. పాలసీ ఇచ్చేముందు కంపెనీ డాక్టరు ఫోన్ చేసి ప్రశ్నలు అడుగుతారు, ఆ జవాబుల మీదే అంతా. లేదండి అంటే పాలసీ వస్తుంది. ఉందండి అంటే రాకపోవచ్చు. వీరవేణికి ఉబ్బసం ఉంది.

ఉంది అనే మాట ఆమె మనసులో కూడా పూర్తిగా అనుకోదు. అలవాటు లేదు. ఆ అలవాటు తప్పించింది కూడా ఈ బాబాయిగారే. ఊళ్ళో ఆయన్ని మెడికల్ మాణిక్యాలరావు అంటారు, మందుల షాపు ఉండి కాదు, గల్ఫు వెళ్ళేవాళ్ళని హైదరాబాదు తీసుకెళ్ళి మెడికల్ చేయించి తీసుకొస్తాడు కాబట్టి. మొదటిసారి ఆయనతో హైదరాబాదు వెళ్ళేటప్పటికి కూతురు లావణ్య అక్షరాలు దిద్దుతోంది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ రోజుల్లో వీరవేణి రొయ్యల తలలు తీసే షెడ్డులో పని చేసేది, ఎటు చూసినా ఐసు, ఆ చలికి వేళ్ళు ముడుచుకుపోయేవి, ఛాతీలో ఈ ఈల అక్కడే పుట్టింది. రైల్లో రాత్రంతా ఈయన పాఠం చెప్పాడు, దగ్గకు, ఎక్కువ మాట్లాడకు, అడిగినదానికల్లా లేదు సార్ అను. పెద్ద హాలు, ఆడవాళ్ళ లైను, తెల్లకోటు వేసుకున్నాయన తలెత్తకుండా అడుగుతూ ఉంటే ఒక్కొక్కరూ లేదు సార్, లేదు సార్, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు. ఆ లైన్లో అందరూ ఆరోగ్యవంతులే. ఎక్స్‌రే దగ్గర ఊపిరి బిగబట్టమన్నారు. ఊపిరి బిగబట్టడం ఆమెకి వచ్చినంత బాగా అక్కడ ఎవరికీ రాదు. ఫిట్ అని వచ్చిన రోజు పైడమ్మ వీధంతా బూందీ పంచింది. ఆ ఊళ్ళో ఫిట్ వచ్చిందంటే పెళ్ళి కుదిరినంత. అన్‌ఫిట్ వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు పగలు వీధిలోకి రారు, వాళ్ళింటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. అప్పటి నుంచే ఈ జేబు. లంగాకి లోపల, ఎడమ నడుము దగ్గర, ఇన్‌హేలర్ పట్టేంత జేబు. మొదటిది అమలాపురంలో దర్జీ దగ్గర పని నేర్చుకుంటూ వంకరటింకరగా కుట్టుకుంది. తర్వాత ఏ బట్ట కుట్టుకున్నా ముందు అదే కుడుతుంది, అంచు మడతలో కలిసిపోయేట్టు, చెయ్యి వేసి వెతికినా దొరకనంత బాగా. మస్కట్‌లో తను పనిచేసే కుట్టు షాపులో ఎవరికీ రాని పనితనం అది, ఎవరికీ చూపించలేని పనితనం.

గాలి ఇంకా పెరిగింది. దింపిన కొబ్బరికాయల ట్రాక్టరొకటి వచ్చి ఆగింది, దాని వెనకాల దుమ్ము ఒక తెరలా లేచి షెడ్డు లోపలికి వచ్చింది, వీరవేణి మొహం తిప్పుకుంది. దారం ఇంకాస్త లాగింది. చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళి, కుచ్చిళ్ళు సవరించుకుంటున్నట్టు నటించి, వెనక్కి వచ్చేసింది. ఇక్కడ ఇంతమంది ముందు తీయకూడదు. మస్కట్‌లోనూ అంతే. షాపులో అందరిదీ నల్లగుడ్డ మీదే పని, అక్కడి ఆడవాళ్ళు పైన తొడుక్కునే అబాయాలు కత్తిరిస్తుంటే నల్లటి నూగు లేచి దీపాల చుట్టూ తిరుగుతుంది, అది పీల్చినప్పుడల్లా బాత్రూంకి వెళ్ళి కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడులో ఒక్కసారి మందు పీల్చి, ముఖం తుడుచుకుని వచ్చి కుట్టు మిషన్ ముందు కూర్చుంటుంది. వీరవేణికి మొహం కడుక్కోవడం పిచ్చి అని షాపులో పేరు.

ఒక శుక్రవారం మాత్రం కుళాయి పనిచేయలేదు, మందూ పనిచేయలేదు. సెలవు రోజు మధ్యాహ్నం, బయట దుమ్ముగాలి, గదిలో తనూ, తనతో పాటు ఉండే రాజోలు కృపమ్మా. షాపు వాళ్ళిచ్చిన కార్డు ఉంది కానీ అది ఒక్క క్లినిక్‌కే పనికొస్తుంది, జ్వరానికీ జలుబుకే పనికొస్తుంది, ఆ క్లినిక్ శుక్రవారం తెరవదు. కృపమ్మ ఆమెని టాక్సీలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. కౌంటర్లో ఉన్నతను కార్డు అని చెయ్యి చాపాడు. కార్డు. ఆమెకి గుర్తున్నది ఆ చాచిన చెయ్యే, తెల్లటి మణికట్టు, దాని మీద వాచీ. కృపమ్మ సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది రాజోలు తెలుగులో, ముందు ఈవిడకి ఊపిరాడనియ్యవయ్యా, కార్డూ గీర్డూ తర్వాత చూద్దాం అని గదమాయించింది. లోపల మూతికి తొడుగు పెట్టి ఆవిరి మందు ఇచ్చారు. ఆ తొడుగులోంచి లోపలికి వెళ్ళిన మొదటి ఊపిరి ఎంత తియ్యగా ఉందో ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బిల్లు సంగతి మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ ఏడాది ఇంటికి రావడం మానుకుంది.

అప్పటి నుంచీ ఆ పెద్దాసుపత్రిలో చెల్లే బీమా కోసం వెతుకుతూనే ఉంది. మస్కట్‌లో అడిగితే వాళ్ళు చెప్పింది జీతంలో సగం తినేసేలా ఉంది. తర్వాత వాట్సాప్‌లో ఒకడు దొరికాడు, చవగ్గా కార్డు పంపించాడు, ముచ్చటైన కార్డు, మీద స్టెతస్కోపు బొమ్మ. తీరా చూస్తే దాంతో వచ్చేది కళ్ళద్దాల షాపులో తగ్గింపు. కృపమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "పోన్లేవే వీరవేణీ, ఊపిరాడకపోయినా కళ్ళు బాగా కనపడతాయి." నవ్వితే ఆయాసం వస్తుందని తెలిసి కూడా తనూ నవ్వింది. ఈసారి అందుకే జాగ్రత్తపడింది. ఈ కంపెనీ పేరు మాణిక్యాలరావు చెప్పగానే డబ్బు కట్టలేదు, మస్కట్‌లో ఆ పెద్దాసుపత్రికే ఫోన్ చేసి అడిగింది, వీళ్ళ పాలసీ మీ దగ్గర చెల్లుతుందా అని. చెల్లుతుందన్నారు. కట్టగలిగినంతలోనే ఉంది. అంతా సరిపోయింది, ఈ ఒక్క మాట తప్ప.

హరిబాబు కూడా ఈ ఒక్క మాటే చెప్పాడు. అన్నిటికీ లేదండి. కృపమ్మకి తమ్ముడి వరస, అక్కడే డ్రైవరు, అతనికీ పాలసీ కట్టించింది ఈ బాబాయిగారే. కిడ్నీలో రాయి వచ్చి మెలికలు తిరిగిపోతూ ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు చెయ్యి పట్టుకుని, బాబూ ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగాడట. హరిబాబు వచ్చిందండీ, అమలాపురంలో చూపించుకున్నాను అన్నాడు. మరి డాక్టరుకి చెప్పకపోతే ఎవరికి చెప్తాడు. డాక్టరు అది రాశాడు, రాసింది కంపెనీకి వెళ్ళింది, ముందే ఉన్న జబ్బు దాచావు, మేం ఇవ్వం అన్నారు.

"హరిబాబు సంగతేంటి బాబాయిగారూ," అంది వీరవేణి ఉన్నట్టుండి. సగం మాట తర్వాత ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"ఆడు డాక్టరు దగ్గర నోరు జారేడమ్మా. నువ్వు జారకు."

"అంటే డాక్టరుకీ చెప్పకూడదా అండీ?"

"ఆయ్. ఎక్కడా చెప్పకూడదు. ఒకచోట లేదన్నాక అన్నిచోట్లా లేదనే అనాలి. పైగా అన్నీ కంప్యూటర్లే కదా, ఇక్కడ ఉబ్బసం అని కొడితే అక్కడ వీసావాళ్ళ దగ్గర తేలుద్ది. అన్‌ఫిట్ అంటారు. నీ మంచికే చెప్తన్నాను."

ఆ మాట ఆయన నిజంగా ఆమె మంచికే చెబుతున్నాడు. అదే ఇబ్బంది. మోసగాడైతే ఇంతసేపు ఆలోచించేది కాదు. ఎంతమందిని దగ్గరుండి విమానం ఎక్కించాడు, ఎంతమందికి ఫిట్ తెచ్చిపెట్టాడు, ఆయన నేర్పిన లేదు సార్ మీదే ఊళ్ళో సగం డాబాలు లేచాయి. తన వంటింటి గచ్చు కూడా. కానీ ఆ తెల్లకోటాయన వెతికింది జబ్బు లేని మనిషిని. ఇవాళ ఫోన్ చేసేవాళ్ళు వెతికేది అది కాదేమో. జబ్బు వస్తే చూసుకోవడానికే కదా వీళ్ళు ఉన్నది. గేటు దాటించిన మాటే గేటు లోపల కూడా పనికొస్తుందని ఎవరన్నారు. వీరవేణి కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఒక శుక్రవారం, మళ్ళీ దుమ్ముగాలి, కౌంటర్లో చాచిన చేతిలో ఈసారి కార్డు పెడుతుంది, లోపలికి తీసుకెళ్తారు, డాక్టరు వంగి అడుగుతాడు, అమ్మా నీకు ఉబ్బసం ఉందా. లేదండి. మరి ఆవిరి మందు ఎందుకు పెడతాడు. గుండె అనుకుంటాడు, ఇంకేదో అనుకుంటాడు, ఏవేవో పరీక్షలకి పంపిస్తాడు, దారం బిగుస్తూనే ఉంటుంది. ఈ పాలసీ వచ్చేది తనకి కాదు. ఉబ్బసం లేని వీరవేణి అని ఇంకొకావిడ ఉంది, హైదరాబాదు హాల్లో లైన్లో పుట్టింది, ఆవిడకి వస్తుంది. కట్టేది తను. ఆవిడకి ఎప్పుడూ ఆయాసం రాదు, కాబట్టి ఆవిడకి ఇది అక్కర్లేదు కూడా. ఇన్ని పాట్లూ పడి మళ్ళీ ఆ కళ్ళద్దాల కార్డే కొనుక్కున్నట్టు. నవ్వొచ్చింది. నవ్వు ఈలలా బయటికి వచ్చింది.

పైడమ్మ తలతిప్పి చూసింది. తమలపాకు ఒళ్ళో పెట్టుకుని కోడలి వైపు జరిగింది.

"తీసి పీల్చుకో," అంది, చెవిలో చెప్పినట్టు.

"ఏంటత్తయ్యా?"

"అదే. నడుం దగ్గర పెట్టుకుంటావు కదా." పైడమ్మ గోదారి వైపే చూస్తోంది. "ఇన్నేళ్ళూ నువ్వొచ్చినప్పుడల్లా నీ పక్కగదిలో పడుకున్నదాన్ని, నీ పిల్లికూతలు నాకు వినపడవనుకున్నావా. నువ్వు దాచుకుంటన్నావు కదాని నేనూ చెవిటిదాన్లా ఉన్నాను. ప్రయాణం ముందు రోగం మాట ఎత్తకూడదంటారు, నిజమే. ఊపిరాడకుండా ప్రయాణం చెయ్యమని మాత్రం ఎవరన్నారు?"

వీరవేణి ఏదో అనబోయింది. ఫోన్ మోగింది.

మాణిక్యాలరావు ఒక్క ఉదుటున లేచి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, పరీక్ష హాలు బయట నిలబడ్డ తండ్రిలా. అవతల ఆడగొంతు. మర్యాదగా, తొందర లేకుండా. "నమస్కారమండీ, వీరవేణి గారేనా? బీమా కంపెనీ నుంచి డాక్టర్ ప్రియాంకని. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, మాట్లాడ్డానికి వీలవుతుందా?" ఆయ్ చెప్పండి, అంది. పేరు, వయసు, ఊరు, మస్కట్‌లో ఏం పని, ఎత్తు, బరువు. సుగర్ ఉందా అండీ. లేదండి. బీపీ. లేదండి. ఆ రెండూ నిజాలే, నోట్లోంచి నీళ్ళలా జారిపోయాయి, ప్రతిదానికీ మాణిక్యాలరావు తల ఊపుతున్నాడు, బాగా చదువుకున్న పిల్లని చూసి మురిసిపోతున్నట్టు. ఆపరేషన్లేమైనా. కాన్పు ఒకటే అండీ. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది, ఫోన్ దూరం పెట్టి తీసుకుంటోంది, అయినా గాలి ఆ చప్పుడుని తెచ్చి మళ్ళీ ఫోన్ దగ్గరే పెడుతోంది. ఉన్నట్టుండి అవతల గొంతు ఆగింది.

"వీరవేణి గారూ, ఎక్కడినుంచైనా పరిగెత్తుకొచ్చారా? ఊపిరి అలా వినిపిస్తోంది."

ఇంత సులువైన తలుపు ఎవరూ తెరిచి పెట్టరు. మాణిక్యాలరావుకి ఆ ప్రశ్న వినిపించింది. రెండు చేతులూ ఊపుతూ, పెదాలతో, ఆయ్ అను, ఆయ్ అనమ్మా, ఆయ్. అవునన్నట్టు ఒక్క ఆయ్ అంటే సరిపోతుంది. రేవుకి పరిగెత్తుకొచ్చానండి, పంటు కోసం. డాక్టరు నవ్వేసి తర్వాత ప్రశ్నకి వెళ్ళిపోతుంది. నాలుక కింద పొద్దున్నుంచీ దాచుకున్న మాట ఇంకా అక్కడే ఉంది.

"లేదండి," అంది వీరవేణి. "కూర్చునే ఉన్నాను. నాకు ఉబ్బసం ఉందండి."

మాణిక్యాలరావు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అవతల కీబోర్డు చప్పుడు. వీరవేణికి భయం వేసింది, నిజమైన భయం, అన్‌ఫిట్ అన్న మాట ఎర్రటి ముద్రలా కళ్ళముందుకి వచ్చింది, లావణ్య మొహం వచ్చింది, మూసేసిన కుట్టుమిషన్ వచ్చింది. అయినా ఊపిరే ముందు.

"ఒక్క నిమిషం ఆగుతారాండీ? మందు పీల్చుకుంటాను."

"పీల్చుకోండి. నేను లైన్లోనే ఉంటాను."

చెయ్యి లోపలి జేబులోకి వెళ్ళింది, ఇన్‌హేలర్ బయటికి వచ్చింది. ట్రాక్టరు మీద కుర్రాళ్ళు చూస్తున్నారు, మోటారు సైకిళ్ళవాళ్ళు చూస్తున్నారు. కుళాయి చప్పుడు లేదు. నోటికి పెట్టుకుని నొక్కింది, బిగబట్టింది, వదిలింది, మళ్ళీ ఒకసారి. దారం వదులైంది. గోదారి వెడల్పు కాస్త పెరిగినట్టు, ఆకాశం ఒక మెట్టు పైకి వెళ్ళినట్టు. కుర్రాళ్ళు మళ్ళీ ఫోన్లు చూసుకుంటున్నారు.

తర్వాత అన్నీ చెప్పింది. ఎప్పటి నుంచి, ఏ మందు, ఆ శుక్రవారం, ఆవిరి మందు. అడగనివి కూడా చెప్పింది, నల్లటి నూగు గురించి కూడా. చెబుతుంటే కాళ్ళు తేలికపడ్డాయి. చివర్లో తనే అడిగింది, ఇది వీసావాళ్ళకి వెళ్తుందా అండీ అని. "ఇది మా రికార్డు అండీ, వీసావాళ్ళకి మేం పంపం," అంది ప్రియాంక. "చూడండి, ప్రీమియం కొంచెం పెరగొచ్చు. ఉబ్బసం వరకు ఖర్చు మేం ఇవ్వడానికి కొంతకాలం ఆగాల్సి ఉంటుంది, మిగతావాటికి అలా కాదు. ఖాయంగా చెప్పేది నేను కాదు, కానీ మందుతో అదుపులో ఉన్నవాళ్ళకి ఇవ్వడం చూశాను. రేపు సాయంత్రానికి తెలుస్తుంది. ఒకటి మాత్రం చెప్పగలను. మీరు చెప్పారు, నేను రాసుకున్నాను. పాలసీ వచ్చాక అక్కడ ఏ డాక్టరు ఉబ్బసం అని రాసినా, మీరు దాచారని మేం అనలేం. డాక్టరు దగ్గర ఏదీ దాచకండి."

వీరవేణి ఫోన్ పెట్టేసింది. మాణిక్యాలరావు బల్ల చివర కూర్చున్నాడు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, రేవు మెట్ల వైపు చూశాడు.

"కోప్పడ్డారా బాబాయిగారూ?"

"కోపమేంటమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నాకు సుగరుంది. నా పాలసీలో లేదని చెప్పేను. ఇప్పుడు ఫోన్ చేసి చెప్పుకోవచ్చంటావా?"

"నాకు కంఠతా వచ్చు కదా బాబూ," అంది పైడమ్మ. "ఆ ఫోన్ నాకివ్వండి. ఈసారి ఉందండి అని చెప్పేస్తాను."

ఆయన నవ్వాడు, ముందు మొహమాటంగా, తర్వాత బాగానే. అవతల ఒడ్డున ఇంజన్ మోత మొదలైంది. పంటు కదిలింది, గాలికి అడ్డం తిరుగుతూ, మెల్లగా, కానీ ఇటే. మోటారు సైకిళ్ళవాళ్ళు స్టాండులు తీస్తున్నారు. వీరవేణి సంచి భుజాన వేసుకుని ఇన్‌హేలర్ అలవాటుగా నడుము దగ్గరికి తీసుకెళ్ళి ఆగింది. రేపు సాయంత్రం ఏం చెబుతారో తెలీదు. రాకపోతే ఇంకో కంపెనీని అడుగుతుంది, ఈ మాటే చెప్పి అడుగుతుంది. మస్కట్ వెళ్ళగానే ముందు షాపుకి వేసుకెళ్ళే తన నల్లబట్టే మిషన్ మీద పెట్టాలి. లోపలి జేబు కుట్లు విప్పి, పైన, కుడిచెయ్యి తిన్నగా వెళ్ళేచోట, కొత్తది కుట్టాలి. నల్లగుడ్డ మీద పచ్చరంగు గుడ్డతో, ఎవరు చూసినా అదేంటని అడిగేట్టు. అప్పటిదాకా ఎక్కడ పెట్టుకోవాలో తోచక, దాన్ని చేతిలోనే పట్టుకుని మెట్లు దిగింది.